రాని బ్యాండ్‌కి కూడా ఒక కాలమ్ పెట్టండి

బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, లైఫ్ సైన్సెస్ డిపార్ట్‌మెంట్ల హెడ్‌లకు, వైవాకు వచ్చే ఎక్స్‌టర్నల్ సార్లకూ మేడమ్‌లకూ నమస్కారం.

నేను ఈమధ్యే ఎమ్మెస్సీ మెడికల్ మైక్రోబయాలజీ పూర్తి చేశాను. థీసిస్ రాశాను, డిఫెండ్ చేశాను, పాసయ్యాను. కాబట్టి ఇది ఫెయిలైన అమ్మాయి ఏడుపు కాదని ముందే చెబుతున్నాను. యూనివర్సిటీ పేరు రాయడం లేదు. భయపడి కాదు (కొంచెం భయం కూడా ఉందనుకోండి), పేరు రాస్తే మిగతా వాళ్లంతా "అమ్మయ్య, మనది కాదు" అనుకుని ఊరుకుంటారని. వేరే యూనివర్సిటీల్లో బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ చదివిన నా ఫ్రెండ్స్‌తో మాట్లాడితే వాళ్లూ దాదాపు ఇదే కథ చెబుతున్నారు, శాంపిల్స్ పేర్లు మాత్రమే వేరు.

నేను అడిగేది ఒక్కటే. మీరు వైవా రోజు నింపే మార్కుల ఫారం మార్చండి. ఎందుకో చెప్పాలంటే నా థీసిస్ కథ మొత్తం చెప్పాలి, కాస్త ఓపిక పట్టండి.

నా టాపిక్ మూత్ర ఇన్‌ఫెక్షన్లలో వచ్చే ఈ.కోలై బ్యాక్టీరియా, వాటిలో మందులకు లొంగని రకాలు. గొప్ప టాపిక్ ఏమీ కాదు, ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు చేసేదే. అయినా మన ప్రాంతంలో చేయడానికి గట్టి కారణం ఉన్న టాపిక్. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో రాశారు. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ అది. అలాంటి చోట పెరిగిన బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతోందో ఏ మందుకు లొంగడం లేదో లెక్క తీయడం అంటే నాకు నిజంగానే ఇంట్రెస్ట్. మెరోపెనెమ్ లాంటి గట్టి మందులకు కూడా బ్యాక్టీరియా లొంగకుండా చేసే ఎన్‌డీఎమ్ జీన్ గురించి సెమినార్‌లో చెప్పింది కూడా నేనే. 2008లో స్వీడన్‌లో చికిత్స పొందిన, అంతకుముందు ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి వచ్చిన ఒక రోగి దగ్గర మొదట దొరికింది, అందుకే పేరులో న్యూఢిల్లీ చేరింది, ఆ పేరు మీద మన దేశంలో పెద్ద గొడవే జరిగింది. మూడు ఐసొలేట్లలో (శాంపిల్ నుంచి విడిగా పెంచిన బ్యాక్టీరియాలో) ఆ జీన్ ఉందో లేదో పీసీఆర్‌తో (వెతికే డీఎన్‌ఏ ముక్కకి లెక్కలేనన్ని కాపీలు తీసి చూసే పద్ధతితో) చూస్తానని సినాప్సిస్‌లో ధైర్యంగా రాసేశాను.

ఇక టైం సంగతి. నాలుగో సెమిస్టర్ అంతా ప్రాజెక్టుకే అని సిలబస్‌లో ఉంది. చూడ్డానికి ఆరు నెలలు. కానీ ఆసుపత్రి ల్యాబ్‌లో మిగిలిపోయిన మూత్రం శాంపిల్స్ తీసుకోవాలన్నా ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, కావాల్సిందే కూడా. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం పేర్లు తీసేసిన మిగులు శాంపిల్స్ అయితే రోగి సంతకం లేకుండా మినహాయింపు ఇవ్వవచ్చు, అయితే ఆ మినహాయింపు ఇవ్వాల్సింది కూడా కమిటీయే. మాకు దగ్గర్లో ఉన్న కమిటీ ఎప్పుడో గానీ కూర్చోదు. జనవరిలో పెట్టిన అప్లికేషన్‌కి మార్చి ఆఖర్లో లెటర్ వచ్చింది. ఆ మూడు నెలలూ నేను చేసింది రివ్యూ ఆఫ్ లిటరేచర్ రాసుకోవడం, ల్యాబ్‌లో ప్లేట్లు కడగడం. జూన్‌లో సబ్మిషన్. అంటే చేతికి దొరికింది ఏప్రిల్, మే. మే నెలలో మా ఊళ్ల ఎండలూ కరెంటు సంగతీ మీకు తెలియంది కాదు. ఇదే అప్లికేషన్ మూడో సెమిస్టర్‌లో పెట్టించి ఉంటే ఎవరికీ పైసా ఖర్చయ్యేది కాదు.

ఇక డబ్బులు. మందు అద్దిన కాగితం డిస్కులు, బ్యాక్టీరియాని పెంచే మీడియా మా డిపార్ట్‌మెంట్ ఇచ్చింది, పీసీఆర్‌లో జీన్‌ని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, అదే ప్రైమర్లు, నేను కొనుక్కున్నాను. నాన్న మిర్చి అమ్మిన డబ్బుల్లోంచి పంపించాడు, "ఇవేంటమ్మా, అంత చిన్న సీసాలు?" అని వీడియో కాల్‌లో చూసి నవ్వాడు. నిజమే, అడుగున ఏముందో కంటికి కనబడదు. మా క్లాసులో కొంతమంది ఇవన్నీ లేకుండా హైదరాబాద్‌లో ఒక ప్రాజెక్ట్ సెంటర్‌కి ఫీజు కట్టి, నెల రోజుల తర్వాత తయారైన రిజల్ట్స్‌తో తిరిగొచ్చారు. వాళ్లని నేనేమీ అనను, ఎందుకంటే ఇంకొన్ని పేరాల తర్వాత నా గురించి నేనే చెప్పుకోవాలి.

ముందు నాకు నచ్చిన పని గురించి చెప్తాను. డిస్క్ డిఫ్యూజన్, అంటే మందు డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీని కొలిచే పరీక్ష, మీలో చాలామంది వందలసార్లు చేసి ఉంటారు, ఇప్పుడు చేతులతో చేసి ఎన్నేళ్లయిందో గానీ. సెలైన్‌లో కాలనీలు కలిపి, మసక ఎంత ఉండాలో చూపే 0.5 మెక్‌ఫర్లాండ్ ట్యూబు పక్కన పెట్టి, వెనకాల నల్ల గీతలున్న కాగితం పెట్టి, రెండిట్లోంచీ గీతలు ఒకేలా మసకగా కనబడే దాకా ఒక చుక్క సెలైన్, ఒక చుక్క కల్చర్ అని సర్దుతూ కూర్చోవడం. ఆ తర్వాత దూది పుల్ల ముంచి, ట్యూబు గోడకి అదిమి పిండి, ముల్లర్ హింటన్ ప్లేటు మీద మూడు వైపులా తిప్పి రాయడం. డిస్కు పెట్టాక పొరపాటున కూడా జరపకూడదు, తాకగానే మందు ప్లేటులోని జెల్లీలోకి, అదే అగార్‌లోకి, దిగడం మొదలవుతుంది. పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీస్తే ఆ వాసన, పల్చటి బూడిద రంగు పరుపు మీద గుండ్రటి ఖాళీలు. ప్లేటు తిరగేసి నల్లటి అట్ట మీద పెట్టి స్కేలుతో కొలిచేదాన్ని. మా దగ్గర ఎంత రావాలో ముందే తెలిసిన స్టాండర్డ్ స్ట్రెయిన్ 25922 ఉంది, దాని మీద జెంటామైసిన్ డిస్కు ఖాళీ 19 నుంచి 26 మిల్లీమీటర్ల మధ్య రావాలి, నాకు మొదటి రోజు 17 వచ్చింది. అగార్ మందం ఎక్కువైంది. 4 మిల్లీమీటర్లు ఉండాలి, నేను చేయి బారుగా పోసేశాను. ఆ వారం ప్లేట్లన్నీ పారేసి మళ్లీ చేశాను. ఈ సంగతి నా థీసిస్‌లో లేదు. ఎక్కడ రాయాలో తెలియలేదు.

మొత్తం 30 శాంపిల్స్. (30 ఎందుకు అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు, మా డిపార్ట్‌మెంట్‌లో అందరివీ 30.) వాటిలో 19 ప్లేట్ల మీద గట్టిగా పెరిగింది, అందులో 13 ఈ.కోలై. మెరోపెనెమ్‌కి లొంగనివి మూడు. ఆ మూడిటికీ పీసీఆర్.

పీసీఆర్‌లో వచ్చిన డీఎన్‌ఏని సైజు వారీగా విడదీసే జెల్ మొదటిసారి రన్ చేసి యూవీ కింద చూస్తే, సైజులు పోల్చుకోవడానికి పెట్టే ల్యాడర్ ఒక్కటే వెలుగుతోంది. నారింజ రంగు నిచ్చెన మెట్లు, 500 దగ్గర కాస్త మందంగా. ఎన్‌డీఎమ్ ఉంటే 621 దగ్గర బ్యాండ్, అంటే వెలిగే గీత, రావాలి, ఆ చోట చీకటి. మూడు లేన్లలోనూ చీకటే. అసలు బాధ అది కాదు, ఆ జీన్ ఉందని ముందే తెలిసిన డీఎన్‌ఏ వేసే పాజిటివ్ కంట్రోల్ లేన్ కూడా చీకటే. బయటి ల్యాబ్ నుంచి ఐస్ డబ్బాలో బస్సులో తెచ్చుకున్న డీఎన్‌ఏ అది, దిగేసరికి ఐసంతా నీళ్లయిపోయింది. రెండోసారి అన్నీలింగ్ టెంపరేచర్ (ప్రైమర్లు డీఎన్‌ఏకి అతుక్కునే వేడి) తగ్గించి చేశాను. చీకటి. మూడోసారికి ముందు శని, ఆదివారాలు కరెంటు పోయి, జనరేటర్ ఉన్నా ఆ డీప్ ఫ్రీజర్ ఆ లైన్ మీద లేదని సోమవారం తెలిసింది. అందులోనే మా ట్యాక్, పీసీఆర్‌ని నడిపించే ఎంజైమ్. అయినా చేశాను, ఇంకోటి కొనే డబ్బుల్లేక. ఈసారి అడుగున ఒక మరక వచ్చింది.

పాజిటివ్ కంట్రోల్ రాకపోతే మిగతా లేన్ల గురించి ఏమీ చెప్పలేం. ఆ జీన్ లేదని కూడా చెప్పలేం. ఇది మొదటి సంవత్సరం పిల్లలకి కూడా తెలుసు. కానీ మా మేడమ్ "రిజల్ట్ లేకుండా చాప్టర్ ఎలా పెడతావమ్మా, ఎక్స్‌టర్నల్ ఏమంటారు?" అన్నారు. ఆవిడ మంచావిడే, ఆ ఏడు ఆవిడ కింద మేం తొమ్మిది మందిమి, పైగా ఎగ్జామ్ డ్యూటీలు. ఆవిడ ఏమీ తప్పు చేయమని చెప్పలేదు. ఆ పని మా సీనియర్ అక్క చేసింది. పెన్‌డ్రైవ్ ఇచ్చి, "ఇందులో నా జెల్ ఫొటో ఉందే, మూడు లేన్లు నీట్‌గా వచ్చాయి, నంబర్లు మార్చి పెట్టుకో, ఎవరు చూస్తారు?" అంది. ప్రేమతోనే అంది.

పెట్టుకున్నాను.

అవును, పెట్టాను. ఎనిమిదో బొమ్మ. కింద నా ఐసొలేట్ నంబర్లు టైప్ చేశాను. ఆ రాత్రి బాగానే నిద్రపట్టింది కూడా, అబద్ధమెందుకు. మర్నాడు సాయంత్రం కలర్ పేజీలు తీయించడానికి జిరాక్స్ షాపుకి వెళ్లాను. సబ్మిషన్ ముందు వారం ఆ షాపు ఎలా ఉంటుందో మీకు తెలుసు, నల్ల రెక్సిన్ అట్టలు, బంగారు అక్షరాలు ఎండబెట్టినవి, ఒకరి కాగితాల మీద ఒకరివి. నా పేజీల కోసం వెతుకుతుంటే కౌంటర్ మీద మా క్లాస్‌మేట్ ఒకరి థీసిస్ తెరిచి ఉంది. అందులో నా బొమ్మ! అదే మరక, కుడి మూల అదే గీత, మూడో బ్యాండ్ కాస్త వంకర. కాకపోతే అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంది. ఆ టాపిక్ అసలు నాది కాదు, వేరే బ్యాక్టీరియా, వేరే జీన్. అక్క పెన్‌డ్రైవ్ చాలామందిని ఆదుకుందన్నమాట.

నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత కాళ్లలో వణుకు. ఆ పేజీ తీసేశాను. నిజాయతీతో తీశానని మిమ్మల్ని నమ్మించను, పట్టుబడతానని భయంతో తీశాను. ఆ పేజీ ఖాళీగా వదిలేస్తే నంబర్లన్నీ మారిపోతాయి, అందుకని అక్కడే షాపులో స్టూలు మీద కూర్చుని, నా అసలు జెల్ ఫొటో, చీకటిదే, పెట్టి, కింద రాశాను: మూడుసార్లు చేశాను, మూడుసార్లూ పాజిటివ్ కంట్రోల్ రాలేదు, అందువల్ల ఈ ఐసొలేట్లలో ఎన్‌డీఎమ్ ఉందనీ లేదనీ చెప్పలేను. ఏ రోజు ఏం మార్చి చేశానో మూడు వరసలు. అది 47వ పేజీ. ఆ హడావుడిలో అట్ట మీద ఈ.కోలై పూర్తి పేరులోని ఎషెరీషియా స్పెల్లింగ్‌లో ఒక అక్షరం ఎగిరిపోయిన సంగతి మాత్రం చూసుకోలేదు, బంగారు అక్షరాల్లో నాలుగు కాపీల మీద అలాగే ఉండిపోయింది.

ఇక్కడ ఒక్క మాట. బొమ్మ దొంగతనం మా జిరాక్స్ షాపుకే పరిమితం కాదని మీకు నాకంటే బాగా తెలుసు. ఎలిజబెత్ బిక్ అనే మైక్రోబయాలజిస్టు ఇంకో ఇద్దరితో కలిసి 40 పత్రికల్లో అచ్చయిన 20,621 బయోమెడికల్ పేపర్లలో బొమ్మలు కళ్లతో చూసి 2016లో లెక్క చెప్పారు. 3.8 శాతం పేపర్లలో అనుమానించాల్సిన బొమ్మలు, వాటిలో కనీసం సగం కావాలని చేసినట్టే ఉన్నవి. అవి రాసింది మాలాంటి పిల్లలు కాదు, పెద్దవాళ్లే. ఆ పెద్దవాళ్లూ ఎక్కడో ఒక దగ్గర ఎమ్మెస్సీ చేసే ఉంటారు కదా, అక్కడ వాళ్లకి ఏ పెన్‌డ్రైవ్ దొరికిందో మరి.

ఇంకో తమాషా. నా థీసిస్ ప్లేజరిజం చెక్‌లో మొదట 23 శాతం వచ్చింది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 దాటితే వెనక్కి ఇచ్చి తిరగరాయించాలి, 40 దాటితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. నాది ఎక్కడ ఎక్కువ వచ్చిందని చూస్తే మెథడ్స్ చాప్టర్‌లో. కిర్బీ, బావర్ వాళ్ల 1966 పద్ధతిని ఎవరు రాసినా అవే మాటలొస్తాయి, డిస్కుని "మృదువుగా నొక్కాలి" అనడానికి ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుంటాయి చెప్పండి? మూడు రోజులు కూర్చుని కర్తరి వాక్యాలు కర్మణిగా, కర్మణివి కర్తరిగా మార్చి 9కి దించాను. ఆ మూడు రోజుల్లో సైన్స్ ఏమీ జరగలేదు. అదే సాఫ్ట్‌వేర్ గుండా ఆ తిరగేసిన జెల్ బొమ్మ దర్జాగా వెళ్లిపోయింది, సాఫ్ట్‌వేర్‌కి అక్షరాలే కనబడతాయి కాబట్టి.

వైవా రోజు. ఒకే రోజు 14 మందిమి. థీసిస్‌లు ఎక్స్‌టర్నల్ సార్ చేతికి ఆ పొద్దున్నే ఇచ్చారు, టిఫిన్ ప్లేటు పక్కన దొంతరగా. పెద్దాయన, వేరే యూనివర్సిటీ నుంచి రాత్రి రైల్లో వచ్చారట. నా ముందు నలుగురికి తలా ఏడెనిమిది నిమిషాలు పట్టింది. టైటిల్ చదవమనడం, శాంపిల్ సైజ్ ఎంత, పీహెచ్‌డీ చేస్తావా, పెళ్లి చేసుకుంటావా. (ఈ చివరి ప్రశ్న అబ్బాయిల్ని అడగలేదు, అది వేరే లేఖ.)

నా దగ్గరికి వచ్చేసరికి సార్ పేజీలు తిప్పుతూ 47 దగ్గర ఆగారు. కళ్లజోడు పైకి తోశారు.

"పాజిటివ్ కంట్రోల్ రాలేదని నువ్వే రాశావా?"

"అవును సార్."

"ఎందుకు రాలేదనుకుంటున్నావు?"

చెప్పాను. ఐస్ కరగడం, ఫ్రీజర్, ట్యాక్, బాయిలింగ్‌తో తీసిన డీఎన్‌ఏ శుభ్రంగా లేకపోవడం. ఏది కారణమో తేల్చడం ఎలా అన్నారు. కాస్త ఆగి, అదే డీఎన్‌ఏ మీద 16ఎస్ ప్రైమర్లతో చేసి చూస్తాను సార్, ఏ బ్యాక్టీరియాలోనైనా ఆ జీన్ ఉంటుంది కాబట్టి అది వస్తే నా డీఎన్‌ఏ, ట్యాక్ రెండూ బాగున్నట్టు, అప్పుడు తప్పు ప్రైమర్లదో కంట్రోల్‌దో అవుతుంది, అదీ రాకపోతే ముందు ట్యాక్‌ని అనుమానిస్తాను అన్నాను. "మరి ఎందుకు చేయలేదు?" ఆ ఆలోచన నాకు అప్పుడే, ఆయన ముందు నిలబడినప్పుడే వచ్చింది. అదే చెప్పాను. ఆయన నవ్వారు. రెండేళ్ల ఎమ్మెస్సీలో నేను నిజంగా ఆలోచించింది ఆ పది నిమిషాలే అనిపించింది, చెమటలు పడుతూనే.

ఆ తర్వాత ఐదో టేబుల్ చూసి అడిగారు, "కొలిస్టిన్‌కి డిస్క్ వేశావా?" వేశాను, మిగతా మందులు పనిచేయనప్పుడు వాడే మందు అది. 13కి 13 సెన్సిటివ్, అంటే మందుకు లొంగేవే, మా మేడమ్ కూడా మెచ్చుకున్న టేబుల్ అది. సార్ తల అడ్డంగా ఊపారు. కొలిస్టిన్ అణువు పెద్దది, అగార్‌లో సరిగా పాకదు, డిస్కు చుట్టూ వచ్చే ఖాళీని నమ్మకూడదు, బ్రాత్ మైక్రోడైల్యూషన్ (మందుని ద్రవంలో రకరకాల మోతాదుల్లో కలిపి చూసే పద్ధతి) చేయాలి, 2016లోనే ఈ పరీక్షలకు ప్రమాణాలు పెట్టే సంస్థలు సీఎల్‌ఎస్‌ఐ, యూకాస్ట్ రెండూ కలిసి ఈ సంగతి చెప్పాయి అన్నారు. మా ఫ్రిజ్‌లో కొలిస్టిన్ డిస్కులు ఉన్నాయి, ఉన్నాయి కాబట్టి వేశాం, అంతే. కోళ్లకీ చేపలకీ రొయ్యలకీ ఈ మందు వాడకూడదని కేంద్రం 2019లో నిషేధం పెట్టింది. కోళ్ల ఫారాలు, రొయ్యల చెరువులు ఇన్ని ఉన్న మన దగ్గర కొలిస్టిన్ లెక్క తప్పు రాయడం చిన్న విషయం కాదు. నేను రాశాను. అది తప్పు, నాదే.

ఇప్పుడు అసలు సంగతి. మార్కులు వేసే ముందు సార్ ఫారం తీశారు. టాపిక్ ఎంపిక, ప్రెజెంటేషన్, థీసిస్ రాసిన తీరు, ఫలితాలు. ఫలితాల కాలమ్‌కే అన్నిటికంటే ఎక్కువ మార్కులు. ఆ కాలమ్‌లో 47వ పేజీకి ఏమీ రాలేదు, "ఇన్‌కంప్లీట్" అని పక్కన రాయాల్సి వచ్చింది. కొద్దో గొప్పో మార్కులు ఎక్కడి నుంచి వచ్చాయంటే ఐదో టేబుల్ నుంచి. తప్పని ఆయనే చెప్పిన టేబుల్ నుంచి! ఎందుకంటే అందులో గడులు నిండి ఉన్నాయి. సార్ నా ముఖం చూసి అన్నారు, "ఈ ఫారంలో నాకు వేరే కాలమ్ లేదమ్మా." తిరగేసిన బొమ్మ పెట్టిన థీసిస్‌కి ఫలితాల్లో దాదాపు నిండుగా పడ్డాయి. దాన్ని ఏడు నిమిషాల్లో ముగించారు, అడగడానికి అందులో ఏమీ లేదు కదా, అంతా పర్ఫెక్టు.

నేను ఆ క్లాస్‌మేట్ మీద కంప్లయింట్ ఇవ్వలేదు, ఇవ్వను. ఒక్కరోజు నేనూ అదే పడవలో ఉన్నాను. నా కంప్లయింట్ ఆ ఫారం మీద.

మీరు గుర్తు తెచ్చుకోండి, ఇది నాలుగో సెమిస్టర్‌లో మొదలయ్యే రోగం కాదు. మొదటి సెమిస్టర్ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ ఎస్టిమేషన్ ఉంటుంది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ఇచ్చిన పద్ధతి, ట్యూబుల్లో నీలం రంగు వస్తుంది, 660 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసి గ్రాఫ్ గీయాలి. గీత తిన్నగా వస్తే పదికి తొమ్మిది, ఒక చుక్క పక్కకి పోతే ఆరు. రెండో వారానికే క్లాసంతా నేర్చుకునే విద్య ఏంటంటే ముందు స్కేలు పెట్టి గీత గీసుకుని, ఆ గీత మీద నుంచి రీడింగులు రాసుకోవడం. దానికి మేం పెట్టుకున్న పేరు రివర్స్ కాలిక్యులేషన్. ఆ పెద్దాయన పద్ధతితోనే మాకు మొదటి అబద్ధం నేర్పించారు, పాపం ఆయనకి తెలియదు. పక్కకి పోయిన చుక్క ఎందుకు పోయిందని ఒక్కరు అడిగి ఉంటే, పిపెట్ చివర బుడగ గురించి ఆరోజే నేర్చుకునేవాళ్లం.

మీరు అనబోయేది నాకు తెలుసు. ఫెయిలైన ప్రయోగానికి మార్కులు వేస్తే పని దొంగలంతా "ఏమీ రాలేదు సార్" అని ఒక పేజీ రాసి పట్టుకొస్తారు, ఆడలేక మద్దెల ఓడంటారు అని. దీనికి నా దగ్గర ఉన్న సమాధానం ఆ పది నిమిషాలే. గెలిచిన ప్రయోగాన్ని ఒక్క బొమ్మతో దొంగిలించవచ్చు. ఓడిన ప్రయోగాన్ని దొంగిలించడం కష్టం. ఏ తేదీన చేశావు, కంట్రోల్ ఏమైంది, రెండోసారి ఏం మార్చావు, అది మార్చడానికి కారణమేంటి, ఇంకో నెల ఇస్తే ముందు ఏం చేస్తావు అని వరసగా అడిగితే చేయనివాడు రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. నా తేదీలన్నీ ల్యాబ్ నోట్‌బుక్‌లో ఉన్నాయి, ట్యాక్ చచ్చిపోయిన సోమవారంతో సహా. ఆ నోట్‌బుక్ వైవా రోజు నా బ్యాగులోనే ఉంది, ఎవరూ అడగలేదు, దానికీ ఫారంలో కాలమ్ లేదు.

కాబట్టి ఫలితాలు అనే కాలమ్‌ని రెండు చేయండి. ఒకటి, వచ్చిన ఫలితం నమ్మదగిందేనా, కంట్రోల్స్ ఉన్నాయా. రెండోది, రానిది ఎందుకు రాలేదో విద్యార్థికి అర్థమైందా. నోట్‌బుక్ టేబుల్ మీద పెట్టాలని రూలు పెట్టండి. థీసిస్ ఎక్స్‌టర్నల్‌కి పది రోజుల ముందు సాఫ్ట్ కాపీ పంపితే పోస్టేజీ కూడా అక్కర్లేదు, ఆయన టిఫిన్ ప్రశాంతంగా తింటారు. ఎథిక్స్ అప్లికేషన్ మూడో సెమిస్టర్‌లోనే పెట్టించండి. ఫ్రీజర్‌ని జనరేటర్ లైన్ మీదకి మార్చమని అడగాలంటే మొహమాటంగా ఉంది, అది బోర్డు చేసే పని కాదు, ఎలక్ట్రీషియన్ చేసే పని, అయినా రాస్తున్నాను.

మా జూనియర్ల టైటిళ్లు ఇప్పటికే నోటీసు బోర్డు మీద పెట్టారు. ఇద్దరు మళ్లీ ఈ.కోలై, ఒకమ్మాయికి పీసీఆర్ ఉంది. పెన్‌డ్రైవ్ గురించి నన్ను అడిగింది. లేదని చెప్పి, నా దగ్గర మిగిలిన ప్రైమర్లు ఇచ్చాను, 16ఎస్ కొనుక్కోమన్నాను.

నా థీసిస్ మా డిపార్ట్‌మెంట్ లైబ్రరీ బీరువాలో పై నుంచి రెండో అరలో ఉంది. అట్ట మీద స్పెల్లింగ్ తప్పున్నది నాదే, సులువుగా దొరుకుతుంది. బోర్డు మీటింగ్‌కి వచ్చినప్పుడు వీలుంటే 47వ పేజీ చూడండి. ఐదో టేబుల్ మీద పెన్సిల్‌తో నేనే అడ్డంగా గీత కొట్టి సంతకం పెట్టాను.

ఇట్లు,
ఒక మెడికల్ మైక్రోబయాలజీ విద్యార్థిని